ముందు పురుగు, తర్వాతే లైను

ఇవాళ బాస్ కబుర్లు చెప్పుకుందాం. ఆఫీసు బాస్ కాదు లెండి, ఆయన సంగతి సోమవారం చూసుకుందాం. ఇది చేప. మేముండే టెక్సస్‌లో ఏ చెరువు గట్టుకెళ్ళినా దీనికోసమే నలుగురు నిలబడి ఉంటారు. నోరు తెరిస్తే మన పిడికిలి పట్టేస్తుంది. కొరమీనుకు చుట్టం కాదుగానీ బుద్ధులన్నీ దానివే: నాచు పక్కనో, మునిగిన దుంగ నీడనో మాటు వేసి, పైన కప్ప కదిలిందంటే గుటుక్కుమనిపిస్తుంది.

దీన్ని నీటిమీదే ఫ్లైతో పట్టడంలో ఒక తిరకాసుంది. చిన్నప్పుడు కాలవ గట్టున వేసిన గాలంలో ఎర బరువే దారాన్ని లాక్కెళ్ళేది కదా! ఇక్కడంతా తలకిందులు. కొసనుండే ఫ్లై, ఈకలతోనో వెంట్రుకలతోనో కట్టిన బొమ్మ పురుగు. ఊరికే విసిరితే మీ కాళ్ళ దగ్గరే పడుతుంది. దాన్ని మోసుకెళ్ళాల్సింది లైను బరువే. అందుకే లైన్లకు నంబర్లుంటాయి. మొదటి 30 అడుగులూ తూచి ఆ నంబరిస్తారు. 5వ నంబరు సుమారు 9 గ్రాములు, తులానికి ఒక గ్రాము తక్కువ. 8వ నంబరు పదమూడున్నర.

ఆ నాలుగున్నర గ్రాముల విలువ నా కుడిచెవికి తెలుసు. మొదటి వేసవిలో ట్రౌట్ కోసం కొన్న 5వ నంబరు సెట్టుకే నిమ్మకాయంత పాపర్, అంటే నీటిమీద తేలే బొమ్మ పురుగు, కట్టి ఊపాను. అది సగం దారిలో గాలికి ఆగిపోయి, తిరిగొచ్చి చెవితమ్మెలో దిగింది. "పోగు బావుందండీ!" అంది మా ఆవిడ. కొక్కేనికుండే ఎదురుముల్లును పటకారుతో ముందే నొక్కేసి ఉంచాను కాబట్టి సులువుగా ఊడొచ్చింది.

కొట్టువాళ్ళు ముందు రాడ్డు చూపిస్తారు. మీరు మాత్రం ముందు పురుగు ఎంత లావో చూసుకోండి, దానికి తగ్గ లైను, ఆ లైనుకు తగ్గ రాడ్డు. బాస్‌కయితే 8వ నంబరు, నీటిమీద తేలే రకం, బరువంతా ముందువైపే కుదించి చేసింది. దాని కొసన పురుగును కట్టే సన్నదారం, అంటే లీడరు, 12, 15 పౌండ్ల బలమున్న నైలాన్‌ది ఒక ఎనిమిదడుగులు చాలు. ఫ్లోరోకార్బన్ దారం వద్దు. అది మునిగే సరుకు, పాపర్ ముక్కును కిందికి లాగేస్తుంది.

పురుగుల్లో నాకు జింక వెంట్రుకలతో కట్టినవంటే మోజు. ఆ వెంట్రుకల్లో గాలి నిండి ఉంటుంది, అందుకే తేలతాయి. వాటిని కొక్కెం మీద దట్టంగా బిగించి, మంగలి క్రాపు చేసినట్టు కత్తిరిస్తారు. పడినప్పుడు మెత్తగా, నిజం కప్పలాగే పడుతుంది. కాసేపటికి నానిపోతుంది, అదే చిక్కు. రోజంతా తేలాలంటే బెండుతోనో ఫోముతోనో చేసిన పాపర్ కొనుక్కోండి. ముఖం గుంటగా ఉండి, లాగితే 'గుళుక్' మంటుంది. గాలికి నీళ్ళు కదులుతుంటే ఆ చప్పుడు కావాలి. అద్దంలా నిలిచిన నీళ్ళలో మాత్రం ముక్కు కోసుగా ఉన్న స్లైడరే మేలు. లారీ డాల్‌బర్గ్ పేరు మీదున్న డైవరయితే లాగితే మునిగి, వదిలితే బుడగలతో పైకొస్తుంది. రంగు గురించి జనం గంటలు గంటలు వాదించుకుంటారు. నేను పసుపు వాడేది నా కళ్ళకు కనపడాలని. చీకటి పడ్డాక నలుపు, ఆకాశం మీద దాని నీడే బాస్‌కు ఆనుతుంది.

వేశాక తొందరపడకండి. చుట్టూ లేచిన వలయాలన్నీ చెరిగిపోనివ్వండి. అప్పుడొక్కసారి వేలెడంత లాగి, మళ్ళీ ఊరుకోండి. ఉన్నట్టుండి నీళ్ళు గుంటపడతాయి, పురుగు మాయమవుతుంది. రాడ్డు ఎత్తాలని చెయ్యి లాగేస్తుంది. ఎత్తకండి, ఎడంచేత్తో లైను గట్టిగా గుంజండి. ఎత్తితే ఏమవుతుందంటారా? పాపర్ చేప నోట్లోంచి ఊడి మీవైపే వస్తుంది. చెవులు జాగ్రత్త!