అమెరికాలో మన పెద్దల మందుల బీమా

అక్టోబరు నెల వచ్చిందంటే, అమెరికాలో పిల్లల దగ్గర స్థిరపడిన మా ప్రాంతపు పెద్దలు కొందరు నాకు తమ మందుల జాబితాలు పంపుతుంటారు. గ్రీన్ కార్డుతో అయిదేళ్లు ఎడతెగకుండా నివసించి, అరవై అయిదేళ్లు నిండినవారు అక్కడి మెడికేర్‌లో చేరవచ్చు. అందులో ఔషధాలకు సంబంధించిన భాగం ‘పార్ట్ డి’. 2003లో చట్టమై, 2006 జనవరి నుంచి అమలులోకి వచ్చింది. నడిపేవి ప్రైవేటు బీమా సంస్థలు. ఏ మందుకు ఏ సంస్థ ఎంత చెల్లిస్తుందన్నది ఏటా మారుతుంది. అందువలన ఏటా అక్టోబరు 15 నుంచి డిసెంబరు 7 వరకు పథకం మార్చుకొనే వెసులుబాటు ఉంటుంది.

2024లో మా ముక్త్యాలకు చెందిన విశ్రాంత ఉపాధ్యాయులొకరు అలాగే ఫోను చేశారు. ఆయనకు మధుమేహం, రక్తపుపోటుతో పాటు కర్ణికా ప్రకంపనం ఉన్నది. గుండె పై గదులు లయ తప్పి కొట్టుకొనే ఈ వ్యాధిలో, అక్కడ రక్తం నిలిచి గడ్డలు కడుతుంది. ఆ గడ్డ మెదడుకు పోతే పక్షవాతమే. దానిని అరికట్టడానికి ఆయన అపిక్సబాన్ వాడుతున్నారు. మాటల మధ్య, మందు ఇంకా ఎన్ని రోజులకు ఉన్నదని అడిగాను. ఆయన చెప్పిన లెక్క కుదరలేదు.

“మాస్టారూ, సాయంత్రం మాత్ర మానేశారా?”

“పూర్తిగా మానలేదండీ. రోజు విడిచి రోజు వేసుకుంటున్నాను. అబ్బాయికి చెప్పకండి.”

కారణం రోగం కాదు, ధర. సంవత్సరం మొదట్లో నెలకు యాభై డాలర్లకు లోపే చెల్లించేవారు. మందుల మొత్తం ఖర్చు ఒక హద్దు దాటగానే, అప్పటి నియమం ప్రకారం ధరలో నాలుగో వంతు ఆయన మీద పడింది. నెలకు నూట ముప్పై పైచిలుకు. రూపాయలలోకి మార్చి చూసుకొనే అలవాటు మనవారికి పోదు కదా! అపిక్సబాన్ రక్తంలో సగానికి తగ్గడానికి పన్నెండు గంటలు చాలు. రోజుకు రెండు పూటలు వేసుకోమనడం అందుకే. ఒక పూట మానితే ఆ రాత్రి రక్షణ సన్నగిల్లుతుంది. బీమా సంగతి తరువాత చూద్దాం, ఈ రాత్రి మాత్ర వేసుకోండి అన్నాను. ఆయన ఒప్పుకొన్న తరువాత కుమారుడితో నేనే మాట్లాడాను. ఆ అబ్బాయికి అసలు ఈ విషయమే తెలియదు.

జగ్గయ్యపేటలో కొని, వచ్చేవారి పెట్టెలో పంపమని కూడా మాస్టారు అడిగారు. మన దేశంలో ఈ మందు పేటెంటు 2022లో తీరిపోయి, ధర బాగా దిగింది. అమెరికాలో 2028 వరకు జనరిక్ అమ్మకానికి రాదు. ఆయన ఆశ అర్థమైనదే. అయినా ఈ పెట్టె వైద్యం నాకు నచ్చదు. అక్కడి నిబంధనలు సాధారణంగా దీనిని అనుమతించవు. పైగా రోగి ఏమి మింగుతున్నాడో అక్కడి వైద్యుడికి తెలియకుండా పోతుంది. గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిపిన మన మాత్రను ఇక్కడి బ్రాండు పేరుతో చెబితే అక్కడ ఎవరికీ అర్థం కాదు. ఆ రెండూ విడివిడిగా మళ్లీ రాస్తే, రెట్టింపు మందు పడి చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు.

తరువాత తండ్రీకొడుకులు మెడికేర్ వెబ్‌సైటు తెరిచారు. మందుల జనరిక్ పేర్లు, మోతాదులు, నెలకు ఎన్ని మాత్రలు, ఏ దుకాణం అన్నవి నింపితే, ఒక్కో పథకంలో సంవత్సరమంతటికీ అయ్యే ఖర్చు అదే చూపుతుంది. మాస్టారు నెలసరి ప్రీమియం అతి తక్కువగా ఉన్న పథకం వైపు మొగ్గారు. అందులో అపిక్సబాన్‌కు కట్టవలసినది ఎక్కువ, వారి వీధి చివరి దుకాణం ఆ సంస్థ ఇష్టపడే జాబితాలో లేదు. ఏడాది మొత్తానికి చూస్తే అదే ఖరీదైనది. ప్రీమియం కొంచెం ఎక్కువైన మరొకటి తీసుకున్నారు. పాతది రద్దు చేయనక్కరలేదు. కొత్తదానిలో చేరితే జనవరి 1 నుంచి పాతది దానంతటదే పోతుంది.

2025 నుంచి పరిస్థితి కొంత మెరుగైంది. ఆ నడిమి గండి ఎత్తివేశారు. పథకం జాబితాలోని మందులకు రోగి చెల్లించేది ఏడాదికి 2,000 డాలర్లకు మించదు. 2026కు ఆ హద్దు 2,100. దానిని నెలవారీగా పంచుకొని కట్టే ఏర్పాటూ ఉన్నది. 2026 జనవరి నుంచి మెడికేర్ బేరమాడి తగ్గించిన పది మందుల ధరలు అమలులోకి వచ్చాయి. వాటిలో అపిక్సబాన్ ఒకటి. నెలకు సరిపడే మందు ధర 231 డాలర్లు, అందులో రోగి వంతు పథకాన్ని బట్టి ఉంటుంది.

కొత్తగా అర్హత వచ్చినవారు, నాకేమీ జబ్బు లేదు కదా అని పార్ట్ డి వాయిదా వేయకండి. దానికి సాటివచ్చే మరో మందుల బీమా లేకుండా ఆలస్యం చేస్తే, నెలకు ఒక శాతం చొప్పున అపరాధ రుసుము ప్రీమియంకు చేరి, సాధారణంగా జీవితాంతం వెంటాడుతుంది. సందేహాలుంటే ప్రతి రాష్ట్రంలోనూ ‘షిప్’ అనే ఉచిత సలహా కేంద్రం ఉన్నది, దుబాసిని కూడా అడగవచ్చు. ఇక ఆరు నెలలు ఊరికి వచ్చి ఉండేవారు ఒకటి గమనించాలి. జగ్గయ్యపేటలో కొన్న మందులకు పార్ట్ డి ఒక్క పైసా ఇవ్వదు. ఆ ఖర్చు మీదే.