తళుకు సబ్బులు

సబ్బు చేయుటయనిన కాస్టిక్ సోడాతో పని యని తల్లిదండ్రులు జంకుదురు. అంగట దొరకు గ్లిజరిను సబ్బు దిమ్మయందు క్షారము నూనెలతో గలసి సబ్బగుట ముందే ముగిసియుండును. మనము కరిగించి అచ్చులలో పోయుటయే. క్రిస్మసు కానుకలకై నేను మా పిల్లలతో వీనిని చేయుచుందును.

మఱుగు నీటి గిన్నెలో వేఱొక గిన్నె నుంచి దిమ్మ ముక్కలను పెద్దలే కరిగింపవలెను, పొంగనీయరాదు. వేడిమీదనే తళుకు వేసితిమా, అది యడుగున కూరుచుండును. సుమారు 50 డిగ్రీలకు చల్లాఱి, ఇంచుక చిక్కబడిన పిమ్మట కలిపిన నడుమనే నిలుచును.

తళుకు విషయమున మాత్రము నేను మొండిదానను. కార్డులపై చల్లు చమ్కీ పొడి ప్లాస్టిక్కు. అంచులు వాడియైనవి, కంటబడిన గీఱును. స్నానపు నీటితో కాలువ చేరియు నశింపదు. చేతిపనులకు వాడు అట్టి విడి చమ్కీ అమ్మకమును ఐరోపా సమాఖ్య 2023 అక్టోబరులో నిషేధించినది. దాని మెఱుపే మేలని మా చిన్న కుమార్తె యలిగినది. ఐనను ఒంటికి పూయ దగిన మెత్తని అభ్రకపు పొడినే యిచ్చితిని. గూడూరు గనుల పేరు విన్న మనకు అభ్రకము క్రొత్తదా? ఆ సబ్బు వెన్నెలవలె మెఱసినది, అలుకయు తీఱినది.

గట్టిపడగనే గాలి చొరకుండ చుట్టిపెట్టుడు. గ్లిజరిను గాలిలోని తేమను పీల్చును గావున, విడిచినచో సబ్బు చెమర్చును.