చులకన చేసే మాట

ఇంగ్లీషులో డిస్పారిజ్ అనే క్రియ ఒకటి ఉన్నది. ఒకరి విలువ తగ్గించి మాట్లాడటం, చులకన చేయటం అని దాని అర్థం. పుస్తకాల్లోనూ, కోర్టు తీర్పుల్లోనూ కనిపిస్తుందే గాని, ఇళ్ళల్లో అంతగా వినిపించదు.

లాటిన్‌లో 'పార్' అంటే సమానం. కంపేర్, పెయిర్ అనే మాటలు కూడా దానినుంచి వచ్చినవే. పాత ఫ్రెంచిలో ఈ క్రియకు అర్థం ఏమిటో తెలుసునా? అంతస్తు తక్కువవారితో పెళ్ళి చేయటం! పూర్వం ఇంగ్లండులో భూమిగలవాడు చనిపోయి, వారసులు చిన్నవాళ్ళయితే, వాళ్ళ పెళ్ళి చేసే హక్కు పైప్రభువుది. ఆ హక్కును డబ్బుకు అమ్ముకోవటం కూడా ఉండేది. అందుకే 1215లో జాన్ రాజు ఒప్పుకున్న మాగ్నాకార్టాలో, వారసులకు తగని సంబంధం చేయరాదని రాశారు. వియ్యానికైనా కయ్యానికైనా సమ ఉజ్జీ కావాలని మనవాళ్ళూ అంటారు గదా! పుట్టుకనుబట్టి ఎక్కువ తక్కువలు చూడటం నాకు నచ్చదు గాని, మాట పుట్టింది మాత్రం అక్కడే.

తప్పు చూపటం డిస్పారిజ్ కాదు. "ఈ లెక్కలో మూడో మెట్టు తప్పు" అంటే విమర్శ; కుర్రవాడు ఆ మెట్టు దిద్దుకుంటాడు. "నీ మొహానికి లెక్కలు కూడానా!" అంటే డిస్పారిజ్. దిద్దుకోవటానికి అందులో ఏమున్నది?

నేను హెడ్మాస్టరుగా ఉండగా ఎనిమిదో తరగతిలో ఒక కుర్రవాడు ఉండేవాడు. ఇంట్లో రోజూ ఈ రెండో మాటే వినేవాడట. బోర్డు దగ్గరికి పిలిస్తే, లెక్క ఏమిటో చూడకముందే, "నాకు రాదండీ" అనేవాడు.