ఒకే పడవ, రెండు తెరచాపలు

పాతబస్తీలో, ఫలక్‌నుమా పక్కనున్న జహనుమాలో కాపురముండే మాకు పడవలతో పనేమిటని మీరు అడగవచ్చు. మా వీధిలో ఆటో ఎదురైతే స్కూటరు ఆగవలసిందే. అయినను రెండు వర్షాకాలాలుగా మా ఇంట భోజనాల దగ్గర నడిచే మాటలన్నీ తెరచాప పడవల గురించే.

మా సంఘంలో రిటైరయిన సైనికాధికారి ఒకరున్నారు. ఉద్యోగంలో ఉండగా హుస్సేన్‌సాగర్‌లో పడవ నడపడం నేర్చుకున్నారట. పదిహేడేళ్ళ మా పెద్దవాణ్ణి, డిగ్రీ చదువు కోసం ఊరినుండి వచ్చి మా ఇంట ఉంటున్న మా మేనల్లుణ్ణి ఆయన అక్కడికి తీసుకువెళ్ళారు. అది మొదలు ఆ ఇద్దరు బావాబావమరుదులకు మరో ధ్యాస లేదు.

ఇవి గోదావరి మీద ఇసుక మోసే నావల వంటివి కావు. మోటారు లేదు, తెడ్డు లేదు. కూర్చునేది ఒక్కరే. పొడవు నాలుగు మీటర్ల పైచిలుకు. ఉత్త పడవ బరువు దాదాపు 59 కిలోలు గనుక ఇద్దరు మనుషులు ఎత్తగలరు. చక్రాల బండి మీద పెట్టి కారు వెనుక కట్టుకొని ఏ చెరువుకైనా తీసుకుపోవచ్చు. కెనడా దేశస్థుడైన బ్రూస్ కర్బీ 1969లో దీని నమూనా గీసినప్పుడు, కారు పైకప్పు మీద మోసుకుపోయే పడవ కావాలన్నదే అసలు ఆలోచన. లేజర్ అని దానికి పేరు. 1562 ప్రాంతంలో ఇబ్రహీం కుతుబ్‌షా కాలాన తవ్వించిన మన హుస్సేన్‌సాగర్‌లో వర్షాకాలపు గాలులకు ఈ లేజర్ పడవల పోటీలు జరుగుతాయి. హైదరాబాద్ సెయిలింగ్ వీక్ అంటారు.

అధికారిగారి దగ్గర రెండు పడవలున్నాయి. ఒకటి స్టాండర్డ్, రెండవది రేడియల్. నేలమీద పక్కపక్కన పెడితే కవలపిల్లలే. పడవ ఒకటే, చుక్కాని ఒకటే, స్తంభంలో పై ముక్క ఒకటే. తేడా అంతా స్తంభపు కింది ముక్కలోను, తెరచాపలోను ఉంది. స్టాండర్డ్ తెరచాప 7.06 చదరపు మీటర్లు. రేడియల్‌కు కింది ముక్క పొట్టిది, తెరచాప 5.76 చదరపు మీటర్లు. అంతకంటె చిన్నదైన 4.7 కూడా ఉంది. 2019 తరువాత కొత్త పడవలకు ఐఎల్‌సిఏ 7, 6, 4 అని పేర్లు పెట్టారు గాని, అధికారిగారి నోట ఇంకా పాత పేర్లే.

ఎనభై కిలోలున్న మేనల్లుడికి ఆయన స్టాండర్డ్ ఇచ్చారు. యాభైనాలుగు కిలోలున్న మావాడికి రేడియల్ ఇచ్చారు. వాడు ముఖం ముడుచుకున్నాడు. "బావకు పెద్దది, నాకు చిన్నదా నాన్నా?" అన్నాడు. నిజం ఒప్పుకోవాలి, మాకూ మనసు చివుక్కుమంది. మా వాడేం తక్కువ అనుకున్నాము. ఒక ఆదివారం ఆరాధన ముగిశాక అధికారిగారిని మేమే అడిగాము. ఆయన చాలాసేపు ఊరకుండి, "సరే పాస్టరుగారూ, గాలి తక్కువగా ఉన్న రోజున చూద్దాం" అన్నారు.

జూలైలో ఒక మధ్యాహ్నం మేనల్లుడికి పరీక్ష ఉంది గనుక స్టాండర్డ్ ఖాళీగా ఉంది. గాలి మెల్లగా వీస్తోంది. మావాడు సంబరంగా నీళ్ళలోకి దిగాడు. అరగంట గడవకముందే పడమట మబ్బు కమ్మి, వానకు ముందు వచ్చే ఈదురుగాలి ఒక్కసారిగా కొట్టింది. పడవ పక్కకు ఒరిగింది. వాడు పట్టీ కింద పాదాలు దూర్చి, నడుము పడవ బయటకు వంచి, ఉన్న బరువంతా వెనక్కి వేశాడు. చాలలేదు. తెరచాప నీళ్ళకు తగిలింది, పడవ పడిపోయింది. అడుగున ఉండే పలక మీద నిలబడి లేపాడు. మళ్ళీ పడింది. నాలుగోసారికి పలక మీదికి ఎక్కే ఓపిక కూడా లేకపోయింది. తేలే చొక్కా తొడుక్కొని ఉన్నాడని తెలిసినా గట్టు మీద మా కాళ్ళు వణికాయి. ఈత రాని మేము ఏమి చేయగలం? కాపలా మోటారు పడవ వెళ్ళి వాణ్ణి పట్టుకొనేవరకు మేము ఊపిరి పీల్చిన గుర్తు లేదు. దేవుని దయవలన గాయమేమీ కాలేదు.

ఆ సాయంత్రం అధికారిగారు మమ్మల్ని ఒక్క మాటా అనలేదు. కాగితం తీసుకొని లెక్క చెప్పారు. గాలి వేగం రెండింతలైతే తెరచాప మీద దాని తోపు నాలుగింతలౌతుంది. తెరచాప ఎంత పెద్దదైతే, ఎంత ఎత్తున ఉంటే అంతగా పడవను పడదోస్తుంది. ఎదురు నిలిచేది మనిషి బరువు ఒక్కటే. బరువు చాలకపోతే తెరచాపను వదులు చేయాలి. అలా వదులు చేసినది గాలికి కొట్టుకుంటుంది గాని పడవను ముందుకు లాగదు. "పెద్దది పట్టుకొని సగం వదిలేసే దానికంటె చిన్నది పట్టుకొని పూర్తిగా వాడుకోవడం వేగం" అన్నారు.

అలాగని రేడియల్ మేలైనదని కాదు. గాలి తక్కువగా ఉన్న మరొక రోజు మేనల్లుడు దాన్ని తీసుకొని వెళ్ళాడు. వాడి బరువుకు పడవ నీళ్ళలో కూరుకుపోయి, చిన్న తెరచాప లాగలేక వెనుకబడిపోయింది. చిన్నదని రేడియల్‌ను చిన్నచూపు చూడనూ కూడదు. 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో స్టాండర్డ్ చేరితే, 2008 బీజింగ్ నుండి స్త్రీల పోటీకి రేడియల్‌నే ఉంచారు. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో మన దేశం నుండి విష్ణు శరవణన్ పెద్ద తెరచాపతోను, నేత్రా కుమనన్ చిన్న తెరచాపతోను పోటీపడ్డారు. ఆమెను ఎవరైనా తక్కువ అనగలరా?

ఈ సంగతి చెప్పినప్పుడు మావాడు మాట్లాడలేదు. మరుసటి వారం తనంతట తానే పొట్టి స్తంభం భుజాన వేసుకున్నాడు. గాలి గట్టిగానే ఉన్న ఆ రోజు, ఒక్కసారి కూడా పడకుండా గట్టుకు తిరిగి వచ్చి, "నాన్నా, ఇవాళ పడవ నా మాట వింది" అన్నాడు.

ఈ ఏడు అధికారిగారు ఒక పడవను అమ్మివేశారు. తెరచాపలు, స్తంభాలు మాత్రం రెండు జతలూ ఉంచుకున్నారు. మేనల్లుడు వచ్చి దిగగానే మావాడు కింది ముక్క మార్చి, తన తెరచాప తొడుక్కొని వెళ్తాడు. పది నిమిషాల పని. ఒకే పడవ ఇద్దరినీ మోస్తోంది. ఇంట్లో ఇద్దరు పిల్లలున్న మీకు ఇంతకంటె చెప్పనక్కరలేదు. కొలత తీయవలసినది పక్కవాడి తెరచాపను కాదు, మన బిడ్డ బరువును. ఆ కొలత తప్పింది మా వాడు కాదు, మేము.