ఓడలో అదనపు విస్తరి

2024 నవంబరు 17, ఆదివారం
తూప్రాన్

పొద్దున్నే వంటిమామిడి మార్కెట్ నుంచి కూరగాయలు దిగాయి. రేపు గజ్వేల్‌లో నిశ్చితార్థానికి, ఎల్లుండి మనోహరాబాద్‌లో పెళ్లికి వంట. కార్తీకం వచ్చిందంటే మా పొయ్యిలు ఆరవు. డిసెంబరు 16న ధనుర్మాసం మొదలైతే సంక్రాంతి దాకా ముహూర్తాలుండవు. ఆషాఢం తప్పిస్తే మా ఇంటిల్లిపాదికీ దొరికే తీరిక అదొక్కటే. ఈసారి ఆ తీరికలో ఓడ ఎక్కుదామనుకున్నాం. ముంబైలో ఎక్కి, గోవా చూసి, మళ్లీ ముంబైలో దిగే కోర్డీలియా ఓడ. మూడు రాత్రులు. మామయ్య, అత్తమ్మ, మా ఆయన, పెద్దోడు, నేను.

సాయంత్రం ట్రావెల్స్ అతను ఫోన్ చేశాడు. మూడు పూటలా తిండి టికెట్టులోనే ఉందట. పైన డబ్బు కట్టి తినే రెస్టారెంట్ ఒకటి వేరే ఉందట. దాన్ని కూడా కలిపి లెక్క వేయమంటారా అని అడిగాడు. "ఫ్యామిలీ ట్రిప్ గద మేడం, స్పెషల్‌గ ఉంటది" అన్నాడు. ఆలోచించి చెప్తానన్నాను.

మామయ్య అరుగు మీద కూర్చొని అంతా విన్నాడు.

"టికెట్ల బువ్వ పెడ్తరా, పెట్టరా?"

"పెడ్తరు మామయ్యా."

"కడుపు నిండ పెడ్తరా?"

"ఎంత తింటే అంత పెడ్తరట."

"మరి ఇంకో బువ్వ ఎందుకు కొనాలె బిడ్డా?"

నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు ఆయన. ప్లేటు లెక్క మీద బతికేదాన్ని, ఈ ప్రశ్నకు నా దగ్గర సరైన జవాబు ఉండాలి. అయిదుగురికి కట్టే డబ్బంటే చిన్న మాట కాదు. తొందరపడకుండా, తోచినప్పుడల్లా ఇక్కడ రాసుకుంటాను.

నవంబరు 20, బుధవారం

ముందు టికెట్టులో ఏముందో తెలుసుకోవాలి. పెద్దోడు హైదరాబాద్‌లో హోటల్ మేనేజ్‌మెంట్ చదువుతున్నాడు కాబట్టి వాడినే అడిగాను. ఓడలో స్టార్‌లైట్ అనే పెద్ద భోజనశాల, ఫుడ్‌కోర్టు టికెట్టులోవే. శాకాహారం, మాంసాహారం, జైనుల భోజనం దొరుకుతాయి. చాప్‌స్టిక్స్ అనే రెస్టారెంట్‌కు మాత్రం వేరే కట్టాలి. అక్కడ చైనా, థాయ్ తరహా వంటలు. మందు ఖర్చు ఎటూ వేరే, దాంతో మాకు పని లేదు.

ఓడ వయసు కూడా చెప్పాడు వాడు. 1990లో ఫ్రాన్స్‌లోని సాన్ నజేర్‌లో కట్టారట. అప్పటి పేరు నార్డిక్ ఎంప్రెస్. రాయల్ కరీబియన్ కంపెనీ కింద చాలా కాలం తిరిగి, 2021 సెప్టెంబరులో కోర్డీలియా పేరుతో ముంబై నుంచి మొదలైంది. 2022 జూన్‌లో చెన్నై నుంచి విశాఖకూ వచ్చింది. ఆ మరుసటి ఏడాది విశాఖ రేవులో క్రూయిజ్ టెర్మినల్ కూడా తెరిచారు. సముద్రం ఎరగని మెదక్ జిల్లా నుంచి మేం వెళ్తున్నామంటే ఓడ ప్రయాణం అంత దగ్గరైంది మరి.

ఇంతకుముందు మేం ఎక్కిన పెద్ద పడవ నాగార్జునసాగర్ నుంచి శ్రీశైలం పోయే టూరిజం వాళ్ల లాంచీ. అందులో అందరికీ ఒకటే భోజనం. ఎవరి ప్లేటులో ఏముందని చూసే అవసరమే రాలేదు. ఇక్కడ ఒకే ఓడలో రెండు రకాల విస్తళ్లు. ఎంచుకోవడం మన వంతు.

పెద్ద ఓడల భోజనశాలల్లో రాత్రిపూట రెండు బంతులు వేయడం పాత పద్ధతని పెద్దోడు చెప్పాడు. మామయ్యకు ఏడు దాటితే ఆకలి ఆగదు. బంతులుంటే మాకు మొదటి బంతే కావాలని ముందే చెప్పాలి. ఇలాంటివి పైసా ఖర్చు లేకుండా అడిగి తీసుకోవలసినవి.

నవంబరు 26, మంగళవారం

మనోహరాబాద్ పెళ్లిలో దాల్చాకు ఎంత పేరొచ్చిందో ఇవాళ్టికీ ఫోన్లు వస్తున్నాయి. ఆ మాటలు వింటుంటే ఓడ సంగతి నాకు కొంత తేలింది.

కొన్ని వంటలు పెద్ద గంజులో వండితేనే బాగుంటాయి. దాల్చా, మటన్ కూర, దమ్ బిర్యానీ, బగారా అన్నం. గంజు పెద్దదైతే వేడి నిలుస్తుంది, బొక్కల్లోని సారం నిదానంగా దిగుతుంది. పది మందికి వండిన దాల్చాకు వెయ్యి మందికి వండిన రుచి రాదు. ఇలాంటివి ఓడలో ఉచితంగా పెట్టే చోటే బాగుంటాయి. వాటి కోసం పైన డబ్బు కట్టడం దండగ.

ఇంకొన్ని ఉంటాయి. పూరీ, దోశ, రుమాలీ రొట్టె, చేప వేపుడు, నూడుల్స్. వీటిని వెయ్యి మందికి ఒకేసారి చేసి మూత పెట్టిన వేడి ట్రేలో పోస్తే ఆవిరి పట్టి మెత్తబడతాయి. ఎంత మంచి మేస్త్రి చేసినా ఆ ట్రేలో పావుగంట ఉంటే అంతే. అందుకే మేం పెళ్లిళ్లలో దోశకు వేరే పెనం, వేరే మనిషిని పెట్టి, ఆ మేరకు రేటు పెంచుతాం. అక్కడ పార్టీ కట్టే అదనం పిండికీ నూనెకూ పోదు. ఒక్కో ప్లేటు కోసం పెనం ముందు నిలబడే మనిషికి పోతుంది.

ఓడలో కూడా ఇదే లెక్క చూడాలి. ఆ రెస్టారెంట్‌లో పెట్టేది ఒక్కో ప్లేటుకూ అప్పటికప్పుడు చేసేదా, పెద్ద గంజులోంచి తీసి అందమైన గిన్నెలో పోసేదా? మొదటిదైతే డబ్బుకు అర్థం ఉంది. చాప్‌స్టిక్స్ వంటలు కడాయిలో గబగబా కలిపి దించే జాతివి. అంటే అదనం అడగడంలో కొంత న్యాయం ఉంది. ఓడల వంటగదుల్లో నిప్పు ప్రమాదమని గ్యాస్ మంట ఉండదట, అంతా కరెంటు పొయ్యిలేనని పెద్దోడు చెప్పాడు. మంట నాలుకలు కడాయిని నాకితే వచ్చే ఆ పొగ వాసన వస్తుందో రాదో చూడాలి.

డిసెంబరు 1, ఆదివారం

పెద్దోడు ఇంటికొచ్చాడు. రాత్రి బువ్వ తింటూ ఓడల్లో అదనపు భోజనం ఎప్పటిదో చెప్పాడు.

1905లో జర్మనీ వాళ్ల అమెరికా అనే ఓడలో మొదటిసారి రిట్జ్ హోటల్ పేరుతో వేరే రెస్టారెంట్ పెట్టారట. దాని వంటగదిని ఏర్పాటు చేసింది ఎస్కోఫియే అనే వంటాయన. వాళ్ల కాలేజీ పుస్తకాల్లో మొదటి పాఠం ఆయనదే. అక్కడ తిన్నవాళ్లు తిన్నదానికి వేరే కట్టేవాళ్లు. 1912లో టైటానిక్‌లో కూడా అలాంటి రెస్టారెంటే ఉండేది, గాటి అనే ఇటలీ ఆయన నడిపాడు. అన్నిటికంటే నాకు పట్టుకున్న సంగతి వేరే: భోజనశాలలో తినకుండా ఆ రెస్టారెంట్‌లోనే తింటామని ముందే చెప్పిన ప్రయాణికులకు కంపెనీ టికెట్టు ధరలో కొన్ని పౌండ్లు తగ్గించేదట.

అది ధర్మమైన లెక్క. మా దగ్గర కూడా అంతే. ఫంక్షన్‌కు అయిదు వందల ప్లేట్లు చెప్పి, ముందురోజు నాలుగు వందల యాభైకి తగ్గిస్తే, ఆ యాభై ప్లేట్ల డబ్బు మేం తీసుకోం.

ఇప్పటి ఓడల్లో ఆ తగ్గింపు లేదు. టికెట్టులో ఉన్న రాత్రి భోజనాన్ని వదిలి వేరే చోట తిన్నా, వదిలిన దానికి పైసా వెనక్కి రాదు. అంటే అదనం కట్టినవాళ్లు ఒక పూటకు రెండుసార్లు కట్టినట్టు. ఆ పైసలకు మనకు దక్కేది మహా అయితే రెండు భోజనాల మధ్య ఉన్న తేడానే. కాబట్టి "ఆ భోజనం బాగుంటుందా?" అని అడిగితే సరిపోదు. "టికెట్టులో ఉన్నదానికంటే ఎంత బాగుంటుంది?" అని అడగాలి.

లెక్క కోసం తలకు 1,500 రూపాయలు అనుకుందాం. అయిదుగురం మూడు రాత్రులు తింటే 22,500. పన్నులు వేరే. ఇద్దరు ఒక్క రాత్రి తింటే 3,000. ఈ రెండు అంకెల మధ్య ఎక్కడ ఆగాలన్నదే ఇప్పుడు మిగిలిన ప్రశ్న.

పెద్దోడు ఇంకో మాట అన్నాడు. పెద్ద క్రూయిజ్ కంపెనీలకు వచ్చే రాబడిలో మూడో వంతు దాకా ఓడ ఎక్కాక మనం పెట్టే ఖర్చుల నుంచే వస్తుందట. అందులో తప్పేమీ లేదు, వ్యాపారం. అయితే అడిగేవాళ్లు పదేపదే అడుగుతారని తెలుసుకొని, ఏం చేయాలో ఇంట్లోనే తేల్చుకొని ఎక్కాలి.

డిసెంబరు 5, గురువారం

డల్లాస్‌లో ఉన్న మా అక్క బిడ్డతో మాట్లాడాను. అక్కడి తెలుగువాళ్లు సెలవులొస్తే టెక్సాస్‌లోని గాల్వెస్టన్ రేవు నుంచి ఓడ ఎక్కుతారు. ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తే వాళ్లనూ తీసుకెళ్తారు.

వాళ్ల ఓడలో అదనపు రెస్టారెంట్లు చాలా ఉంటాయట. రేటు మీద 18 శాతం సర్వీసు చార్జీ కూడా పడుతుందట. రోజూ తినేలా ప్యాకేజీ కూడా అమ్ముతారు. "చిన్నమ్మా, ప్యాకేజీ కొంటే డబ్బులు రాబట్టుకోవాలని రోజూ అక్కడికే పరిగెత్తుతం. ఆకలి లేకున్నా కూసుంటం. ఒక్క పూట కొనుక్కుంటే పండుగ లెక్క ఉంటది" అంది. ఆ మాట నా మనసుకు బాగా పట్టింది.

అంతకంటే పనికొచ్చే మాట ఇంకోటి చెప్పింది. అమ్మానాన్నలతో వెళ్లినప్పుడు మొదటి రాత్రే పెద్ద భోజనశాలలో హెడ్ వెయిటర్‌ను పిలిచి, రేపటి నుంచి వీళ్లకు మన శాకాహారం కావాలని చెప్పిందట. మర్నాటి నుంచి పప్పు, కూర, అన్నం వేడివేడిగా బల్ల మీదికే వచ్చాయట. దానికి రూపాయి కూడా అదనం లేదు. అదే మాంసం, చేప ధర చూసి రేటు కట్టిన అదనపు రెస్టారెంట్‌లో అయితే శాకాహారి కూడా అదే రేటు కట్టి నాలుగు కూరగాయ ముక్కలు తింటారు. అది వాళ్లకు గిట్టుబాటు కాదు.

డిసెంబరు 10, మంగళవారం

ఇవాళ అత్తమ్మనూ మామయ్యనూ కూర్చోబెట్టి అడిగాను, మీకు ఓడలో ఏం కావాలని. వాళ్ల కోసమే మొదలుపెట్టిన ప్రయాణం, వాళ్లనే అడగకుండా ఇన్ని లెక్కలు వేయడం సరికాదు.

అత్తమ్మ నీసు మానేసి చాలా ఏళ్లయింది. "నాకు నూడులు గీడులు వద్దు బిడ్డా. పెరుగన్నం, ఇంత పచ్చడి ఉంటే సాలు. కిటికీ పక్క కూసుంటే ఇంకా మంచిది" అంది. మామయ్యకు పళ్లు సరిగా లేవు. మెత్తటి అన్నం, పప్పు కావాలి. రాత్రి తొందరగా పడుకోవాలి. గోవాలో దిగాక నడవలేడు, కారు కావాలి.

వాళ్లడిగిన వాటిలో డబ్బుతో కొనవలసింది కారు ఒక్కటే. మిగతావన్నీ టికెట్టులో ఉన్నవే, మనం నోరు తెరిచి అడగాలి.

రాత్రి మా ఆయనను కూడా అడిగాను. "నాకేం వద్దు, మీరు తినుండ్రి" అన్నాడు. ఎప్పుడూ ఇదే మాట. పెళ్లిలో ఆఖరి బంతి లేచాక, పనివాళ్లందరూ తిన్నారని చూసుకొని, గంజు అడుగున మిగిలింది వేసుకొని నిలబడే తింటాడు. హైవే పక్క హోటల్‌లో పని నేర్చుకున్న రోజుల నుంచీ అంతే. వేలమందికి వండిన చేయి. ఆయన ఒక్కడి కోసం ఎవరైనా పొయ్యి వెలిగించి, ఒక ప్లేటు వండి, ముందు పెట్టి, ఎలా ఉందని అడిగారా? నాకు గుర్తున్నంతలో లేదు. ఇంట్లో నేను వండినా అందరికీ కలిపే వండుతాను.

డిసెంబరు 12, గురువారం

తేల్చుకున్నాను.

అయిదుగురికి మూడు రాత్రులు కట్టం. అత్తమ్మ, మామయ్య స్టార్‌లైట్‌లోనే తింటారు. వాళ్లకు ఏం కావాలో మొదటి రోజే అక్కడ చెప్తాను. అవసరమైతే రెండోసారి కూడా చెప్తాను. మొదటి రోజు మేమందరం వాళ్లతోనే తింటాం. ఉచితంగా పెట్టే నూడుల్స్ ఎలా ఉన్నాయో చూస్తాను. సాయంత్రం చాప్‌స్టిక్స్ గుమ్మం దాకా వెళ్లి మెనూ చదివి, ఒక్కో ప్లేటు అప్పటికప్పుడు చేస్తారా అని అడుగుతాను. చేస్తామంటే రెండో రాత్రికి రెండు కుర్చీలు చెప్తాను. ఒకటి మా ఆయనకు, ఒకటి నాకు. పెద్దోడు తాత, నానమ్మలతో ఉంటానన్నాడు. ట్రేలోంచి తీసి పెట్టేదే అయితే ఆ రెండూ వద్దు.

అదనం కట్టాలా వద్దా అన్నదానికి నాకు దొరికిన జవాబు ఇది. తిండి మంచిదేనా అన్నది తర్వాతి మాట. ఆ డబ్బు మనకు టికెట్టులో దొరకనిదాన్ని తెస్తుందా, అది మనలో ఎవరికి కావాలి, ఈ రెండూ తేలితే కట్టాలి. అత్తమ్మకు అక్కడ దొరికేదేమీ లేదు. ఏళ్లుగా అందరి తర్వాత తిన్న మనిషికి మాత్రం ఉంది. తన కోసమే కడాయి ఎక్కి, తన పేరు మీదే దిగి, తన ముందుకే వచ్చే ఒక ప్లేటు. దానికి 1,500 కట్టడానికి నాకు ఏ సంకోచం లేదు.

మిగిలిన డబ్బుతో గోవాలో మామయ్యకు రోజంతా కారు. ఈ మాట చెప్తే ఆయన, "గిది మంచి లెక్క" అన్నాడు.

పొద్దున ట్రావెల్స్ అతనికి ఫోన్ చేసి చెప్పేశాను: టికెట్టు తప్ప ఇప్పుడు ఇంకేమీ కలపొద్దు, బంతులుంటే మొదటి బంతి రాయించు, గోవా కారు మాట్లాడిపెట్టు. పెద్దోడు రైలు టికెట్లు చూస్తున్నాడు. ఈ వారాంతంలో ఇంకొక పెళ్లి ఉంది, అది అయ్యాక గంజులన్నీ తోమించి బోర్లించాలి.