నాన్న విన్న ‘టక్’

మా కారు ముందు ఎడమ చక్రం దగ్గర ‘టక్’మని ఒక చప్పుడు. దాన్ని మొదట విన్నది నేను కాదు, నాన్న.

ఆ సెడాన్ కొని రెండేళ్లయింది. డౌన్ పేమెంట్‌లో సగం నాన్న పీఎఫ్ డబ్బులు. పటాన్‌చెరు ఇండస్ట్రియల్ ఏరియాలో ముప్పై ఏళ్లు లేత్ మెషీన్ దగ్గర నిలబడి రిటైరైన మనిషి. ఇంటి ముందు కారు ఉండాలన్నది నాకంటే ఆయనకే ఎక్కువ ఆశ.

ఒక ఆదివారం వెలిమెల నుంచి సంగారెడ్డి పోతుంటే, “పాటలు బంద్ చెయ్యి” అన్నాడు. చేశాను. కాసేపు విని, “ఎడమ దిక్కు ఏదో లూజుంది బిడ్డా” అన్నాడు.

“ఏం లేదు నాన్నా, రోడ్డే అట్లుంది” అని మళ్లీ పాటలు పెట్టేశాను. సంగారెడ్డిలో ఆయన డోర్ పట్టుకుని మెల్లగా దిగుతుంటే, మోకాలు గురించి కూడా ఏదో అన్నాడు. “వయసు కదా నాన్నా” అన్నాను. ఈ రెండు జవాబులూ గుర్తుపెట్టుకోండి.

నెల తిరగకముందే ఆ చప్పుడు నాకూ వినిపించింది. సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్లాను. అడ్వైజర్ ఒక రౌండ్ కొట్టి వచ్చి, “ఏం రాలేదు సార్. మీ దిక్కు రోడ్లు అట్లుంటయ్” అన్నాడు. రెండోసారి పోతే అలైన్‌మెంట్ చేసి బిల్లు చేతిలో పెట్టారు. మూడోసారి, “రబ్బర్ పార్ట్స్ వేర్ అండ్ టేర్ సార్, వారంటీలో రావు” అన్నారు. కనీసం ఏ పార్టో చెప్పలేదు.

రోడ్ల గురించి వాళ్లు చెప్పింది పూర్తిగా అబద్ధం కాదు. కొల్లూరు, తెల్లాపూర్ చుట్టూ అపార్ట్‌మెంట్లు లేస్తున్నాయి. రోజంతా టిప్పర్లు, రెడీమిక్స్ లారీలు. పైగా ఈ బెల్టులో ఎర్రనేలతో పాటు నల్లరేగడి కూడా ఉంది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ పొలాల్లో రెండు రకాలూ కనిపిస్తాయి. నల్లరేగడి వానకి ఉబ్బి, ఎండకి కుంచించుకుపోతుంది. దాని మీద వేసిన రోడ్డు అలలు తేలడం మామూలే. కానీ ఆ కారు అమ్మింది కూడా ఈ రోడ్ల మీద తిరగడానికే కదా?

మా సాఫ్ట్‌వేర్ వాళ్లకి ఇలాంటి మాట కొత్త కాదు. టెస్టర్ ఒక బగ్ తెస్తే, “నా సిస్టమ్‌లో బాగానే నడుస్తోందే” అని తోసేస్తాం. నేనే ఎన్నిసార్లన్నానో లెక్కలేదు. ఆ బగ్ మళ్లీ మన కళ్లముందు వచ్చేలా చేస్తే తప్ప ఎవరూ నమ్మరు. ఆ పని నాన్న చేశాడు.

ఒక పొద్దున ఊళ్లో రోడ్డు పక్కన నిలబడి, నన్ను ఇరవై స్పీడులో ముందుకీ వెనక్కీ నడపమన్నాడు. స్పీడ్ బ్రేకర్ మీద రెండు చక్రాలూ కలిసి ఎక్కితే చప్పుడు లేదు. ఎడమ చక్రం ఒక్కటే గుంతలో దిగితే టక్. మూడుసార్లు చూశాం, మూడుసార్లూ అంతే.

“రెండూ కలిసి లేస్తే వస్తలేదు. ఒక్కటి దిగితేనే వస్తుంది. రెండిటినీ కలిపే కడ్డీ ఏమన్న ఉందా కింద?”

ఉంది. దాన్ని స్టెబిలైజర్ బార్ అంటారు. నేను చదివింది ఎలక్ట్రానిక్స్, కాబట్టి ఆ రాత్రి కూర్చుని నేర్చుకోవాల్సి వచ్చింది. మన దగ్గర చాలా కార్లకి ముందు చక్రాల దగ్గర ఉండేది మెక్‌ఫర్సన్ స్ట్రట్. ఎర్ల్ మెక్‌ఫర్సన్ అనే అమెరికన్ ఇంజనీర్ 1940ల్లో రూపొందించాడు. మలుపులో బండి ఒక పక్కకి ఒరిగిపోకుండా ఆపేది స్టెబిలైజర్ బార్. దాన్ని రెండు పక్కలా స్ట్రట్లకి కలిపేవి లింక్ రాడ్లు. రెండు చక్రాలూ ఒకేసారి లేస్తే ఆ బార్ మెలి తిరగదు, లింక్ మీద బరువు పడదు. ఒక్క చక్రమే దిగితే మెలి తిరుగుతుంది. లింక్ జాయింట్ లూజైతే అప్పుడే కొట్టుకుంటుంది.

సర్వీస్ సెంటర్ వాళ్లు తిప్పే దారిలో నున్నటి తారు, ఒక స్పీడ్ బ్రేకర్. ఆ దారిలో అది ఎప్పటికీ దొరకదు!

నాలుగోసారి బగ్ రిపోర్ట్ రాసినట్టు రాసుకుని పోయాను. ఏ చక్రం, ఎంత స్పీడు, ఎలాంటి గుంత, వీడియోతో సహా. నా మాటలే జాబ్ కార్డులో ఎక్కించమన్నాను. టెక్నీషియన్‌ని పక్కన కూర్చోబెట్టుకుని, రోడ్డు అంచున ఎడమ చక్రం దించాను. టక్. బండి లిఫ్ట్ మీదికి ఎక్కింది. ఆయన లింక్ రాడ్ పట్టుకుని ఊపితే చేతిలోనే ఆడింది. కింది ఆర్మ్ బుష్ కూడా పగిలింది. రెండూ వారంటీలోనే మార్చారు.

వెళ్తుంటే టెక్నీషియన్ మెల్లగా అన్నాడు: “ఈ మోడల్‌కి ఇది మామూలే సార్.”

మామూలా? మరి మూడుసార్లు రోడ్డుదని ఎందుకన్నారు? మా ఆఫీస్ పార్కింగ్‌లో అదే కారు ఇంకో నాలుగు ఉంటే, ఓనర్లని అడిగాను. ఇద్దరికి అదే చప్పుడు, అదే జవాబు. ఇద్దరూ నోటిమాటగా చెప్పి వచ్చేశారు. జాబ్ కార్డులో ఏమీ లేదు. కాగితం మీద లేని కంప్లయింట్ ఎవరి లెక్కలోకీ రాదు.

లెక్కలోకి రావడం ఎందుకంటే, 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి, లోపమున్న బండ్లని వెనక్కి పిలిపించే అధికారం కేంద్రానికి ఇచ్చారు. దాని రూల్స్ 2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్నాయి. ఎంతమంది ఓనర్లు కంప్లయింట్ చేశారన్నది కూడా అందులో లెక్కే. మన ఒక్క బండి గొడవైతే 1915కి ఫోన్ చేయొచ్చు, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. అక్కడా తేలకపోతే కొన్న ఊళ్లోనే కాదు, మనం ఉండే జిల్లా కమిషన్‌లో కూడా కేసు వేయొచ్చు. ఎక్కడికి పోయినా ముందు అడిగేది కాగితాలే. లింక్ రాడ్ కొట్టుకుంటే చక్రమేమీ ఊడిపోదు. కానీ అదే సస్పెన్షన్‌లో బాల్ జాయింట్ పోతే స్టీరింగ్ మన చేతిలో ఉండదు. బయటికి రెండు చప్పుళ్లూ ఒకేలా ఉండొచ్చు. విప్పి చూడకుండా “రోడ్డుది” అనకూడనిది అందుకే.

ఆ సాయంత్రం నాన్నని కూర్చోబెట్టుకుని అదే గుంతలో దించాను. చప్పుడు లేదు. నాన్న నవ్వాడు, ఏమీ అనలేదు. నాకే గుర్తొచ్చింది. “రోడ్డే అట్లుంది” అని ఆయనతో మొదట అన్నది అడ్వైజర్ కాదు, నేను. ముప్పై ఏళ్లు చప్పుడు విని మెషీన్‌కి ఏమైందో చెప్పిన చెవి అది.

ఇంటి ముందు డోర్ పట్టుకుని దిగబోతుంటే అడిగాను.

“నాన్నా, మోకాలు ఎప్పుడు నొప్పి పెడుతుంది? మెట్లు ఎక్కేటప్పుడా, దిగేటప్పుడా?”

ఆయన ఆగి, నా వైపు చూశాడు.

“దిగేటప్పుడు. ఎడమదే.”

సోమవారం సెలవు పెట్టాను. డాక్టర్ దగ్గరికి పోయేముందు ఆయన చెప్పిందంతా ఒక కాగితం మీద రాసుకున్నాను.