పాఠ్యపథకంలో ఒక కొత్త గడి

మా ఇంటి భోజనాల బల్ల రాత్రి తొమ్మిది దాటితే బడి బల్ల అవుతుంది. మాలో ఒకరు ఈ విద్యుత్కేంద్రంలోనే విద్యుత్ నిర్వహణ విభాగంలో ఇంజనీరు. మరొకరు టౌన్‌షిప్ ప్రహరీకి ఆవల ఉన్న జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో సైన్సు ఉపాధ్యాయిని. చెప్పవలసింది సైన్సే అయినా, సహోపాధ్యాయులెవరైనా సెలవు పెట్టిన నాడు లెక్కలూ సాంఘికమూ కూడా ఆమె తలపైనే పడతాయి. కనుక మరునాటి పాఠానికి పథకం వ్రాసుకోవడం మా ఇంట ఉమ్మడి వ్యవహారమయింది.

పూర్వం ఈ పనికి పాఠ్యపుస్తకమూ, ఉపాధ్యాయ కరదీపికా, బి.ఇడి. నాటి నోటుపుస్తకమూ ఉంటే చాలునని భావించేవారము. మేడిపండు బొమ్మవలె రంగులద్దిన అట్ట చార్టు ఒకటి గోడకు తగిలిస్తే పర్యవేక్షణకు వచ్చిన అధికారి సంతోషించేవారు. నేడు ఇంటర్నెట్ తెరిస్తే ఒక్క పాఠానికి వంద పాఠాలు కనిపిస్తాయి. వాటిని వెదకడంలోనే అర్ధరాత్రి దాటిన రోజులు మాకున్నాయి. ఆ వెదుకులాటలో మాకు దొరికిన మంచి వస్తువులను గురించీ, వాటిలో ఒకదానితో మేము చేసిన పెద్ద పొరపాటును గురించీ ఇక్కడ వ్రాయదలచాము.

2023 వర్షాకాలంలో ఏడవ తరగతికి విద్యుత్తు పాఠం వచ్చింది. దానికి మేము ఎన్నుకున్నది ‘ఫెట్’. 2001లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి పంచుకున్న కార్ల్ వీమన్ ఆ మరుసటి సంవత్సరం అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంలో ప్రారంభించిన కార్యక్రమం అది. తెరమీద బ్యాటరీ, బల్బు, తీగలు, స్విచ్చి ఉంటాయి. వేలితో లాగి కలిపితే వలయం పూర్తి అయి బల్బు వెలుగుతుంది. తీగలోపల చిన్న నీలిరంగు గుండ్లు బారులు తీరి సాగుతాయి. అవి ఎలక్ట్రానులన్నమాట. దీనికి రుసుము లేదు. కొన్ని ప్రయోగాలు తెలుగులోనూ ఉన్నాయి. ముందురోజు రాత్రి దించి పెట్టుకుంటే మరునాడు బడిలో నెట్ అందకపోయినా నడుస్తాయి. మా ఊరి బడికి ఈ చివరి గుణమే అన్నిటికంటె ముఖ్యమైనది.

అందులో ఒక చమత్కారమున్నది. బల్బు లేకుండా బ్యాటరీ రెండు కొనలనూ నేరుగా తీగతో కలిపితే తెరమీది బ్యాటరీ నుండి మంటలు లేస్తాయి. షార్ట్ సర్క్యూట్ ఎంతటి ప్రమాదమో చెప్పడానికి చేసిన ఏర్పాటు అది. పిల్లలు చప్పట్లు కొట్టి, ‘మళ్ళీ టీచర్, మళ్ళీ’ అన్నారు. మళ్ళీ చూపించాము. ఆ రాత్రి పాఠ్యపథకంలో ‘పిల్లల స్పందన’ అన్న గడిలో ‘అత్యుత్తమం’ అని వ్రాసుకుని హాయిగా నిద్రపోయాము.

మరునాడు ఉదయం ప్రార్థన ముగియకముందే ఒక తల్లి బడికి వచ్చింది. వెనుక ఆమె కొడుకు. కుడిచేతి రెండు వేళ్ళకు పసుపు అంటిన గుడ్డ చుట్టి ఉన్నది.

‘టీచరమ్మా, బళ్ళో మంట చూపించారంట గదా. ఇంట్లో కూడా చూద్దామని మావాడు ప్లగ్గులో తీగ పెట్టాడు. ఢామ్మని ఫ్యూజు పోయింది. దేవుడి దయవల్ల అంతటితో పోయింది.’

ఆమె గొంతులో కోపం లేదు. కోప్పడి ఉంటే మాకు కొంత తేలికగా ఉండేదేమో. వెళుతూ వెళుతూ, ‘మీరు చూపించారంటే వాడికి అది వేదమేనమ్మా’ అన్నది.

ఆ సాయంత్రం మా ఇంట్లో ఎక్కువ మాటలు లేవు. విద్యుత్కేంద్రంలో ఒక మోటారు టెర్మినల్ పెట్టె మూత విప్పాలంటే ఎంత తతంగమున్నదో ఈ పత్రిక పాఠకులకు వేరుగా చెప్పనక్కరలేదు. పర్మిట్ తీసుకోవాలి, బ్రేకరు ఆపాలి, తాళం వేసి చీటీ కట్టాలి, విద్యుత్తు లేదని పరీక్షించి చూడాలి, ఎర్త్ చేయాలి. ఇరవై ఏళ్ళకు పైగా ఆ క్రమాన్ని పాటించిన ఇంటినుండి వెళ్ళిన పాఠంలో ఒక్క హెచ్చరిక లేకపోయింది. తెరమీది బ్యాటరీ 9 వోల్టులది. ఆ పిల్లవాడి ఇంటి గోడలో ఉన్నది 230 వోల్టులు. ఈ భేదాన్ని మేము వాడికి చెప్పలేదు. తరగతి గదిలో నలభై అయిదు నిమిషాలు ఏమి జరుగుతుందో ఆలోచించామే కాని, సాయంత్రం అయిదు గంటలకు వాడి ఇంట్లో ఏమి జరగవచ్చునో ఆలోచించలేదు. ఫెట్ తయారుచేసినవారిని ఇందులో తప్పు పట్టడానికేమీ లేదు.

తరువాతి వారం మాలో ఇంజనీరు సగం రోజు సెలవు పెట్టి బడికి వచ్చారు. ఈసారి తెర కంటె ముందు 1.5 వోల్టుల సెల్లు వచ్చింది. ఆ పాఠానికి మేము అరవింద్ గుప్తా వెబ్‌సైటును ఆశ్రయించాము. ఆయన కాన్పూరు ఐ.ఐ.టి.లో చదివి, టెల్కోలో పనిచేస్తూ, 1978లో సెలవు పెట్టి మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ విజ్ఞానబోధన కార్యక్రమానికి వెళ్ళిన ఇంజనీరు. పారవేసే వస్తువులతో ఆటబొమ్మలు చేయించి సైన్సు నేర్పినందుకు 2018లో పద్మశ్రీ లభించింది. ఆయన చూపిన మోటారుకు ఒక సెల్లు, రెండు పిన్నీసులు, సైకిలు ట్యూబు నుండి కోసిన రబ్బరు, ఒక అయస్కాంతం, దాదాపు ఒక మీటరు ఎనామిల్ రాగితీగ కావాలి. తీగను చుట్టగా చుట్టి, కొసలమీది పూతను ఒక పక్క వదిలి మిగిలినంతా గీకాలి. అలా ఒక పక్క వదలడంలోనే రహస్యమంతా ఉన్నది. తిరిగే చుట్టకు సగం దారిలో విద్యుత్తు తెగుతుంది. లేకపోతే అయస్కాంతం దానిని వెనక్కు లాగేస్తుంది. మా కేంద్రంలోని పెద్ద మోటార్లను చూసి అలవాటుపడిన కళ్ళతో ఆ చుట్ట గిరగిర తిరగడం చూస్తే, నిజం చెప్పాలంటే, మాకూ చప్పట్లు కొట్టాలనిపించింది.

ఆ పిల్లవాడు తనంతట తానే మాడిన ఫ్యూజు తీగ ముక్కను జేబులో వేసుకుని వచ్చాడు. తన ఇంట్లో జరిగినది తరగతికంతటికీ తానే చెప్పాడు. మేము అంత బాగా చెప్పగలిగేవారము కాము. చివరన తెరమీది బొమ్మ చూపినప్పుడు ఒక బాలిక లేచి, ‘తీగ తెంపితే ఆ నీలం గుండ్లు కింద రాలతాయా సార్?’ అని అడిగింది. నిజానికి ఎలక్ట్రానులు తీగలో నత్తకంటె నెమ్మదిగా కదులుతాయి. అయినా స్విచ్చి వేయగానే దీపం ఎలా వెలుగుతుందన్నది మరొక చిక్కు. నీళ్ళు నిండుగా ఉన్న గొట్టంలో ఈ చివర తోస్తే ఆ చివర వెంటనే చిమ్ముతుందని పోలిక చెప్పి బయటపడ్డాము. ఆమె పూర్తిగా ఒప్పుకున్నట్లు కనిపించలేదు.

ఇతర విషయాలకు కూడా మేము కొన్నింటిని స్థిరపరచుకున్నాము. భూగోళానికి ఇస్రో వారు 2009లో తెచ్చిన ‘భువన్’ మాకు ఇష్టం. ఆకాశంనుండి తీసిన చిత్రాలలో పిల్లలు మొదట తమ బడిని, పిమ్మట మా కేంద్రపు బూడిద చెరువును వెదికిపట్టారు. ఆ చెరువు తమ ఊరికంటె పెద్దదని వారు మాతో చెప్పినప్పుడు ఉద్యోగులుగా కొంచెం ఇబ్బంది పడ్డమాట వాస్తవం. జ్యామితికి జియోజీబ్రా ఉన్నది. త్రిభుజపు మూలను ఎటు లాగినా కోణాల మొత్తం 180 డిగ్రీలే చూపుతుంది. అయితే వంద త్రిభుజాలను చూడడం నిరూపణ కాదు గనుక, ఆ వెంటనే నల్లబల్ల దగ్గరకు వెళ్ళక తప్పదు. తెలుగుకు ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్ కథలు అచ్చువేసి పంచుకోవచ్చు. మాట అర్థం తెలియకపోతే ఆంధ్రభారతిలో నిఘంటువులున్నాయి. 2017లో కేంద్రప్రభుత్వం ప్రారంభించిన దీక్షాలో పాఠ్యపుస్తకపు గుర్తును ఫోనుతో చూస్తే ఆ పాఠపు సామగ్రి వస్తుంది. అందులో కొన్ని శ్రద్ధగా చేసినవి. మరి కొన్నింటిలో ఎవరో పుస్తకాన్నే పైకి చదువుతున్నారు. అంతకంటె మా ఉపాధ్యాయినే బాగా చదువుతుందని మాలో ఇంజనీరు అభిప్రాయం.

పాఠ్యపథకపు పుస్తకంలో ఇప్పుడు ‘పిల్లల స్పందన’ పక్కన ఇంకొక గడి గీసుకున్నాము. దానికి ‘ఇంటికి వెళ్ళి ఏమి చేస్తారు?’ అని పేరు. విద్యుత్కేంద్రంలోని పర్మిట్ కాగితం చూసి అరువు తెచ్చుకున్న గడి అది. ఏ వెబ్‌సైటులో ఎంత మంచి పాఠం దొరికినా ఆ గడి నిండేవరకు దానిని తరగతికి తీసుకువెళ్ళడం లేదు.

ఇది వ్రాస్తున్న సమయానికి బల్లమీద ఆమ్లాలు, క్షారాల పాఠం తెరచి ఉన్నది. నిమ్మకాయ, వంటసోడా, మందారపూల రసం ఉన్న ప్రయోగం ఒకటి దొరికింది. సులభమైనది, ఖర్చులేనిది. కొత్త గడిలో మాత్రం ‘ప్రతి ఇంటి స్నానాలగదిలోనూ యాసిడ్ సీసా ఉంటుంది’ అని ఎర్రసిరాతో వ్రాసి, కింద రెండు గీతలు గీసి ఉన్నాయి.